పుర్రెగుహలో కేతిగాడు

1964 మార్చి నెలలో బొంబాయినుండి టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థవారు 'ఇంద్రజాల్ కామిక్స్' అను బొమ్మల పుస్తకముల వరుసను ఆరంభించినారు. అది 1990 వరకు సాగినది. మొదటి సంచిక పేరు 'ఫాంటమ్స్ బెల్ట్', అనగా ఫాంటమ్ అను వీరుని నడుము పట్టీ. కావ్యనాయకులు సీత కొరకో, సౌగంధిక పుష్పము కొరకో బయలుదేరుట మనము ఎరుగుదుము. మొలపట్టీ కొరకు బయలుదేరినవారిలో గ్రీకుల హెర్క్యులిస్ ఒకడు, ఇతడొకడు.

పరిహాసమునకు ముందు కథ చెప్పవలెను. 'రామ' అను దుర్మార్గుడు ఇరువదవ ఫాంటమ్‌ను వెన్నుపోటు పొడిచి, పట్టీ అపహరించినాడు. కొడుకు ఇరువదియొకటవ ఫాంటమ్ ఐ, పగను, పట్టీని కూడ సాధింపవలెను. ఈ వంశము 1536లో మొదలైనదట. ఓడదొంగలు తన తండ్రిని చంపగా బ్రతికి బయటపడిన మూలపురుషుడు, హంతకుని పుర్రె చేతబట్టి దుష్టశిక్షణకు ప్రతిజ్ఞ చేసినాడు. నాటినుండి తండ్రి పోగానే కొడుకు అదే ముసుగు ధరించును. లోకులు మాత్రము నాలుగువందల ఏండ్లుగా ఒక్కడే చావక తిరుగుచున్నాడని భ్రమింతురు. విదేశీయులకిది అద్భుతము కావచ్చును. మనకిది కరణీకము. దస్త్రములకు బదులు పుర్రెలు, అంతే భేదము. ఆంధ్రప్రదేశములో మునసబు కరణముల పదవులు 1984లో రద్దయినవి. పుర్రెగుహకు ఆ ఉత్తరువు ఇంకను చేరలేదు.

ఇతనిని 1936లో సృష్టించినవాడు అమెరికా రచయిత లీ ఫాక్. ఫాంటమ్‌కు గాలిలో ఎగురు శక్తి లేదు. బలము, తుపాకి గురి, తెల్లగుఱ్ఱము, తోడేలు, వీటన్నిటికి మించి పుకారు, ఇవే అతని సంపద. ఉడుపు బూడిదరంగని ఫాక్ తలచినాడు. 1939లో ఆదివారపు రంగుల పుటలలో అది ఊదారంగైనది. ఇటలీలో ఎరుపు, స్వీడనులో నీలము. మెడనుండి మడమలవరకు బిగుతుబట్ట, దానిపైన చారల లాగు! ఆ వేషముతో ఒక్క వైశాఖ మధ్యాహ్నము మన రొళ్ల ప్రాంతమున రత్నగిరి కోట ఎక్కి దిగినచో, ప్రతిజ్ఞ విషయము మరల ఆలోచించి యుండును.

మన దేశమున అచ్చువేయునప్పుడు ఒక చిక్కు కలిగినది. హంతకుడు 'రామ', ఓడదొంగలు 'సింగ్' కూటమువారు, వీరుని అడవి పేరు వంగదేశమును స్ఫురింపజేయును. ఎవరి మనసు నొచ్చునోయని రామను 'రామలు' అనియు, సింగ్‌లను 'సింగా'లనియు, అడవిని 'డెంకాలి' అనియు మార్చినారు. బొంబాయిలో పని ముగిసినది, తెలుగునాట చిక్కు మొదలైనది. 'లు' మనకు గౌరవవాచకము గదా! హంతకుడు రాములవారికి చుట్టమైనాడు. ఇంటింట తెలుగు, కన్నడము కలసి వినిపించు రొళ్లవంటి ఊరిలో, ఆ పేరు చూచి, దోషి తెలుగువాడేనని కన్నడపు ఇంటివారు తీర్పు చెప్పవచ్చును. సింగా అనగానే అద్దంకి పోయి వచ్చిన మన సింగడు జ్ఞప్తికి వచ్చును. డెంకాలి అన్నచో, హోసూరు ప్రక్కనున్న డెంకణికోటకు బస్సెక్కవలెననిపించును.

పేరు మార్చుట సులభము. బొమ్మ మారలేదు. పుర్రెల సింహాసనముపై తెల్లవాడు, చుట్టును అతని మాట జవదాటని అడవిజనులు. స్వాతంత్ర్యము వచ్చిన పదునేడవ ఏట మన పిల్లలు ఆ దొరకే జయజయధ్వానములు పలికినారు. 'రామ' అను రెండక్షరములకు జంకినవారికి ఈ బొమ్మ నొప్పించునని తోచనే లేదు. పిల్లల నేమనగలము? వారికి కావలసినది గుఱ్ఱము, గుద్దులాట.

బొమ్మలతో వీరకథ చెప్పుట మన సీమకు క్రొత్త కాదు. ధర్మవరము ప్రక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబములు నేటికిని కలవు. అచటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. పలుచని తోలుపై రంగులు దిద్దిన రాముడు, హనుమంతుడు, రావణుడు దీపపు వెలుగున తెరపై నిలుతురు. రావణుడు గర్జించి ముగించునంతలో కేతిగాడు, బంగారక్క ఎటనుండియో దూరి, తమ కాపురపు రచ్చ అక్కడనే పెట్టుకొందురు. ప్రభువైనను, రాక్షసుడైనను వారి నోట పడక తప్పదు.

ఇరువదియొక్క తరములుగా పుర్రెగుహలో కొరవడినది ఈ కేతిగాడే. ఆ వీరుని చూచి ప్రక్కనున్నవాడెవడును నవ్వడు. మనవాడు ఒక్కసారి లోపలికి పోయినచో ఊరకుండునా? "ఏం దొరా, లాగు పైన తొడిగినావే, తొందరలో లేచినావా?" అని అడుగును. బంగారక్క అంతకంటె గట్టిది. డయానా పామర్ అను కన్యను 1936లో ప్రేమించి, 1977లో గాని ఫాంటమ్ పెండ్లాడలేదు. "నలభైయొక్క ఏండ్లు ఆ పిల్లను వాకిట్లో నిలబెట్టి, పట్టీ కోసం పోయినావా నాయనా!" అనక మానదు.