ఏడవ తేదీకి నలుబది అయిదవ దినమునకు నడుమ

(ఖరగ్‌పూరునందు రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము ముచ్చటింపదలచినది మన జీతభత్యములను గూర్చి కాదు. ప్రభుత్వ కార్యాలయములలో నిలిచిపోవు బిల్లులను గూర్చి. కాంట్రాక్టరుల బిల్లులతో కార్మిక సంఘమునకేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. కాని బిల్లు ఆగిన చోట కూలివాని జీతము కూడ ఆగుచున్నదని చూచిన పిమ్మట ఆ అభిప్రాయమును మార్చుకొంటిమి.

ఖరగ్‌పూర్ రైలుతో పెరిగిన ఊరు. మన తాతలు తెలుగు సీమ నుండి బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకు ఇచ్చటికి వచ్చిరి. 1927లో ఇచ్చటి వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగముల తొలగింపును ఎదిరించి సమ్మె చేసిరి. ఆ రైల్వే కార్మికోద్యమమునకు నాయకత్వము వహించినవారిలో మన వి. వి. గిరి గారొకరు. ఆనాడు రైల్వే స్వయముగా చేయించిన పనులలో పెక్కు నేడు కాంట్రాక్టునకు పోయినవి. స్టేషను ఊడ్చువారు, బోగీలు కడుగువారు, తపాలా సంచులు మోయు అద్దె వాహనముల డ్రైవరులు మన ప్రక్కనే పనిచేయుచున్నారు. వారి జీతము మాత్రము మరియొకరి చేతిలో నున్నది.

ఆ జీతము ఏ దారిని వచ్చునో మీరెరుగుదురు. పని ముగిసిన పిమ్మట సెక్షన్ ఇంజనీరు కొలతల పుస్తకమున వ్రాయవలెను. పై అధికారి సరిచూడవలెను. అకౌంట్సు శాఖలో బిల్లునకు సి.ఓ.6 సంఖ్య పడవలెను. తనిఖీ ముగిసి సి.ఓ.7 అయిన పిమ్మటనే సొమ్ము బ్యాంకునకు చేరును. నేడు ఇదంతయు కంప్యూటరులో నడచుచున్నది. అయినను కొలతలు వ్రాయనిదే బిల్లు పుట్టదు. సి.ఓ.6 పడిన దినము నుండి మాత్రమే లెక్కించిన, అంతకు ముందు గడచిన వారములు ఏ లెక్కలోను కనబడవు. ఒక్కమారు చెప్పదగిన అభ్యంతరములను మూడు మార్లుగా చెప్పి, బిల్లును మూడు మార్లు త్రిప్పి పంపుటయు మనకు తెలియని సంగతి కాదు.

చట్టము లేకపోలేదు. 1993లో ఒక చట్టము వచ్చినది. దాని స్థానమున 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము వచ్చినది. దాని ప్రకారము సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు, ఒప్పందమున ఏమి వ్రాసుకొన్నను, సరకును లేక సేవను అంగీకరించిన నాటి నుండి 45 దినములు మించరాదు. అభ్యంతరమున్న 15 దినములలో వ్రాతపూర్వకముగా తెలుపవలెను, లేనిచో అంగీకరించినట్లే. గడువు దాటిన రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్లు చక్రవడ్డీ చెల్లింపవలెను. వినతులు స్వీకరించుటకు రాష్ట్రములలో మండలులున్నవి. 2017లో సమాధాన్ అను కంప్యూటరు ద్వారము కూడ ఏర్పడినది.

అయినను చిన్న యజమాని ఆ తలుపు తట్టుటకు జంకును. నేడు వడ్డీ అడిగిన రేపు టెండరు దక్కదేమోనని అతని భయము. అతని లెక్క చూడుడు. 2 లక్షల పనిలో ఖర్చు 1 లక్ష 80 వేలు, లాభము 20 వేలు అనుకొందము. ఆ ఖర్చును నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన, నెలకు 3,600 రూపాయలు వడ్డీకే పోవును. ఆరవ నెలకు లాభమంతయు హరించును. అటుపై కోత పడునది కూలివాని జీతముపైననే.

వేతనముల కోడు ప్రకారము నెలజీతము మరుసటి నెల ఏడు దినములలో చేతికందవలెను. బిల్లునకు గడువు నలుబది అయిదు దినములు. ఆ రెంటి నడుమ నున్న అప్పే అసలు సమస్య. ఇంకొక మాట స్పష్టముగా చెప్పవలెను: బిల్లు రాలేదనుట జీతము ఎగవేయుటకు సాకు కాజాలదు. కాంట్రాక్టరు చెల్లింపనిచో ప్రధాన యజమాని చెల్లింపవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము చెప్పినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కోడులలోను ఆ బాధ్యత నిలిచియున్నది.

తెలుగునాటను ఇదే కథ. ఉపాధి హామీ పనుల బిల్లుల కొరకు అనేకులు హైకోర్టునకు పోవలసి వచ్చినది. 12 శాతము వడ్డీతో చెల్లింపుమని 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించినది. ఆ వడ్డీ ఎవరి సొమ్ము? ప్రజల సొమ్మే. సకాలమున ఒక సంతకము పడియున్న మిగులునట్టిది.

కావున మన సంఘములు ఈ కోర్కెలను తమవిగా చేసికొనవలెనని మా మనవి. పని ముగిసిన తేదీని ఆనాడే వ్రాసి రసీదు ఈయవలెను. అభ్యంతరములన్నియు ఒకేమారు, 15 దినములలో తెలుపవలెను. గడువు దాటిన వడ్డీని అడుగకయే చేర్చి ఈయవలెను. అకౌంట్సు శాఖల ఖాళీలను నింపవలెను. ఇద్దరి పని ఒకరు చేయుచుండగా ఆలస్యమును ఆ ఒకరిపై మోపుట న్యాయము కాదు. బిల్లు ఏ స్థితిలో నున్నను కాంట్రాక్టు కార్మికునికి ఏడవ తేదీకి జీతము అందవలెను.

సోదరులారా, మన జీతము ఒక్క దినము ఆలస్యమైన మనము గేటు దగ్గర నిలబడుదుము. ఆ గేటునకు బయట నున్నవానికి రెండు నెలలు ఆలస్యమైనను అడుగువారు లేరు. రేపు ఉదయము మీ బల్లపై నున్న బిల్లులలో అన్నిటికంటె పాతదానిని ముందు తీయుడు. తక్కినది సంఘముగా సాధించుకొందము.