తొమ్మిది మంది పిల్లలు, ఒక్క కేకు: కోల్‌బెల్ట్ ఇంట్లో పుట్టినరోజులు, ఒక్కరోజు ట్రిప్పులు

గోదావరిఖని నుంచి మాట్లాడుతున్నా. కొత్తగా చూస్తున్నవాళ్లకి ఒక్క ముక్క: బీటెక్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇంటికొచ్చి వీడియోలు చేసుకుంటున్నా. ఇవాళ్టి టాపిక్ కోడింగ్ కాదు, ఇంటర్వ్యూలు కాదు. ఇంటి నిండా పిల్లలుంటే పుట్టినరోజులు ఎట్ల చేయాలి, వాళ్లందరినీ ఒక్కరోజు ట్రిప్పుకి తీసుకుపోయి క్షేమంగా ఎట్ల తీసుకురావాలి. చిన్న విషయమే అనిపిస్తది. కానీ దీంట్లో పైసలున్నయి, మనసులున్నయి, ప్రాణాలు కూడా ఉన్నయి. అందుకే మొత్తం వినండి.

ముందు మా ఇంటి లెక్క. పెద్దన్నకి ముగ్గురు, చిన్నన్నకి ఇద్దరు, మంచిర్యాలలో ఉండే అక్కకి ఇద్దరు, మా కాకకి ఇద్దరు. మొత్తం తొమ్మిది మంది. అందరికన్నా పెద్దోడికి పద్నాలుగు, చిన్నదానికి మూడేళ్లు. సగం మందికి నేను బాబాయ్‌ని, ఇద్దరికి మామని, ఇద్దరికి అన్నని. పండుగొస్తే అందరూ ఒక్క ఇంట్లోనే.

ఇప్పుడు మన దగ్గర పుట్టినరోజు ఎందుకు కష్టమో చెప్తా. వేరే ఊళ్లో అయితే తేదీ చూస్తరు. మన దగ్గర ముందు షిఫ్టు చూస్తరు. మొదటి షిఫ్టు పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 3 దాకా, రెండోది 3 నుంచి రాత్రి 11 దాకా, నైట్ షిఫ్టు 11 నుంచి మళ్లీ పొద్దున 7 దాకా. షిఫ్టులు మారుతుంటయి. పిల్లగాని పుట్టినరోజు బాపు రెండో షిఫ్టు వారంలో పడిందనుకోండి, సాయంత్రం కేకు కోసే టైంకి ఆయన గనిలో ఉంటడు. ఆదివారం చేద్దామంటే ప్లేడే డ్యూటీ పడుతది. ప్లేడే మస్టర్‌కి పైసలు ఎక్కువ, ఊరికే వదులుకోలేరు. నా చిన్నప్పటి పుట్టినరోజు ఫొటోలు తీసి చూస్తే మా బాపు కనిపించేది రెండింట్లోనే. కోల్‌బెల్ట్‌లో పెరిగిన మీలో చాలామంది ఆల్బమ్‌లు కూడా ఇట్లనే ఉంటయి, తీసి చూడండి.

ఇంకొంచెం వెనక్కి పోతే మన తాతలకి పుట్టినరోజే లేదు. ఊళ్లో ఎప్పుడు పుట్టిండంటే, కరువు వచ్చిన ఏడు అనో, పెద్ద వాన పడ్డ ఏడు అనో చెప్పేటోళ్లు. గనిలో చేరేటప్పుడు మాత్రం తేదీ కావాలి. గనుల్లో పనిచేసే ప్రతి మనిషి వివరాలు ఫారం-బి అనే రిజిస్టర్‌లో రాస్తరు. అందులో పడిన తేదీయే ఇక ఆయన పుట్టినరోజు, దాన్నిబట్టే రిటైర్మెంట్. సింగరేణిలో రిటైర్మెంట్ వయసు 2021లో 60 నుంచి 61కి పెరిగింది. ఆ ఒక్క ఏడాది విలువ ఎంతో కార్మికుల ఇళ్లల్లో అడగండి, చెప్తరు. మా తాతకి జీవితంలో ఎవరైనా పుట్టినరోజు లాంటిది చేశారంటే అది ఆయన దిగిపోయిన రోజే. శాలువా కప్పిండ్రు, పూలదండ వేసిండ్రు, స్వీటు డబ్బా ఇచ్చిండ్రు. ఇంటికొచ్చి ఆ డబ్బా పిల్లలకిచ్చి, "ఇగ పొద్దున లేవకున్నా ఏం కాదు" అని పడుకున్నడు. తెల్లారి అయిదింటికే లేచి కూసున్నడు.

ఇప్పుడు అసలు విషయం.

మా బాపు అండర్‌గ్రౌండ్‌లో చేసేటోడు. ఆరోగ్యం పాడై మెడికల్ అన్‌ఫిట్ అయితే, ఆ ఉద్యోగం వారసత్వంగా పెద్దన్నకి వచ్చింది. ఉద్యోగం ఒక్కటే, కొడుకులం ముగ్గురం. నాకు చదువు అబ్బింది. చిన్నన్న ఒక కాంట్రాక్టర్ దగ్గర టిప్పర్ నడుపుతడు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. మన బెల్ట్‌లో వీధికి పది ఇళ్లు ఇట్లనే ఉన్నయి. ఒకే కంచంలో తిని పెరిగిన అన్నదమ్ముల్లో ఒకరు పర్మినెంటు, ఒకరు కాంట్రాక్టు. దసరా ముందు లాభాల వాటా వస్తది కదా, 2024లో పర్మినెంటు కార్మికునికి సగటున 1 లక్షా 90 వేల రూపాయలని ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికులకి అదే ఏడాది మొదటిసారి ఇచ్చారు, 5 వేలు. ఇచ్చినందుకు సంతోషమే. కానీ ఈ రెండు అంకెలు ఒకే ఇంట్లో, ఒకే పండుగకి, పక్కపక్క గదుల్లో ఉంటే ఎట్లుంటదో ఒక్కసారి ఆలోచించండి.

పెద్దవాళ్లు ఆ తేడాని మాటల్లో దాచుకుంటరు. పిల్లల దగ్గర అది పుట్టినరోజు నాడు బయటపడుతది. పెద్దన్న కొడుకుది రెండు కిలోల ఫొటో కేకు, వెనకాల బెలూన్ల డెకరేషన్, పేరుతో ఫ్లెక్సీ. నెల తిరగకుండానే చిన్నన్న బిడ్డ పుట్టినరోజు. దానికి ఎనిమిదేళ్లు. వదిన సేమియా పాయసం చేసింది, కొత్త గౌను కొన్నది. కేకు ఎప్పుడని ఎవరో అడిగితే ఆ పిల్ల ఏమందో తెలుసా? "నాకు కేకు నచ్చదు, క్రీము వాసన వస్తది" అంది. అంతకుముందు నెల అన్న కేకు మీద క్రీముని వేళ్లతో నాకింది అదే పిల్ల. ఎనిమిదేళ్ల పిల్ల తన తండ్రి జేబుని కాపాడుతున్నది. ఆ మాటకి చిన్నన్న ఏం అనలేదు, బయటకు పోయి బండి తుడుచుకుంటూ కూసున్నడు.

వారం తర్వాత మా అమ్మ అందర్నీ కూసోబెట్టి ఒక్కటే చెప్పింది: "ఈ ఇంట్ల కేకు ఇగ అందరిది. లేకపోతే ఎవరిదీ కాదు." అప్పటినుంచి మూడేళ్లుగా మేం ఫాలో అవుతున్న పద్ధతి ఇది.

ఒకటి. ఎవరి తేదీ నాడు వాళ్లకి తలంటు, కొత్త బట్టలు, పెద్దోళ్ల దీవెన, ఒక తీపి. ఆ రోజు ఏం కూర వండాలో ఆ పిల్లనే చెప్తది. ఇల్లంతా అదే తినాలి. ఒకసారి మూడేళ్లది పప్పుచారు, అప్పడాలు అంది. చికెన్ కోసం ఎదురుచూసినోళ్లందరూ అప్పడాలే తిన్నరు.

రెండు. కేకు, ట్రిప్పు ఏడాదికి రెండుసార్లు, తొమ్మిది మందికీ కలిపి. దసరా సెలవుల్లో ఒకటి, సంక్రాంతి సెలవుల్లో ఒకటి. తేదీ నెల ముందే పెట్టుకుంటం. ఆ రోజు ఎవరూ ప్లేడేకి పోవద్దు.

మూడు. ఎవరు ఎంత పెట్టారో పిల్లల ముందు మాట రావొద్దు. పోయినసారి పదిహేడు మందికి మొత్తం 6,200 అయింది: బండికి 3,500, చికెన్‌కి, సామానుకి 1,800, కేకుకి 900. పెద్దన్న ఎక్కువ పెట్టిండు. చిన్నన్న వంట చేసిండు. అడవిలో మూడు రాళ్లు పెట్టి బగారా అన్నం, చికెన్ కూర చేయాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. పిల్లల లెక్కలో ఆ రోజు హీరో చిన్నన్నే.

మొదట్లో గొడవ కాలేదా అంటే అయింది. పెద్దన్న కొడుకు, "నా బర్త్‌డే నాది కాదా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. వాడు అడిగింది న్యాయమే. అందుకే కూర ఎంచుకునే రూలు వచ్చింది. పిల్లలకి తమదంటూ ఒక రోజు కావాలి. దానికి రెండు కిలోల కేకు ఉండాలని ఏం లేదు.

సరే, ట్రిప్పు దగ్గరికి వద్దాం. ఎక్కడికి పోవాలి?

వేరే ఊళ్లో పిక్నిక్ అంటరు, మన పెద్దోళ్లు చెట్ల తీర్థం అంటరు. సామాను కట్టుకుని చెట్ల కిందికి పోయి, వండుకుని తిని రావడం. మన రామగుండం ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు, మార్చి దాటాక చిన్నపిల్లలతో వద్దే వద్దు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్య బాగుంటది.

దూరం పోగలిగితే కాళేశ్వరం. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటయి, ఒకటి శివుడిది, ఒకటి యముడిది. పిల్లలకి ఈ కథ చెప్తే దారంతా ప్రశ్నలే. దగ్గర్లో కావాలంటే గూడెం గుట్ట సత్యనారాయణ స్వామి, మంచిర్యాల వైపు. కార్తీక పౌర్ణమి నాడు మాత్రం జనం బాగా ఉంటరు, చిన్నోళ్లతో ఆ రోజు తప్పించండి. రామగిరి ఖిల్లా అద్భుతం, కానీ ఎక్కుడు చాలా ఉంటది. పదేళ్లలోపు పిల్లలుంటే కింద చెట్ల దగ్గరే వంట పెట్టుకోండి. సబ్బితం జలపాతం వానాకాలంలోనే బాగుంటది, సరిగ్గా అప్పుడే బండలు జారుతయి. మా తొమ్మిది మందితో నేను పోను.

ఓపెన్‌కాస్ట్ పక్కన మట్టి గుట్టలు చూసి కొందరు ఫొటోషూట్లకి పోతున్నరు. అవి గుట్టలు కావు, తవ్వి పోసిన మట్టి. వానకి జారుతది. కింద డంపర్లు తిరుగుతుంటయి, బ్లాస్టింగ్ ఉంటది. అది పని జాగ, చూసే జాగ కాదు.

బండి ఖర్చు ఎక్కువ అనిపిస్తే బస్సు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి, ఆడపిల్లలకి టికెట్ లేదు. అయిదేళ్లలోపు పిల్లలకి ఎట్లాగూ లేదు, పన్నెండు దాకా మగపిల్లలకి హాఫ్ టికెట్. ఆధార్ కార్డులు మర్చిపోవద్దు. మా ఇంట్లో అయితే పదిహేడు మందిలో పది మంది ఆడోళ్లు, ఆడపిల్లలే. లెక్క మీరే చేసుకోండి.

ఇక నీళ్ల సంగతి. ఇది సీరియస్‌గా వినండి.

మన ఊరి పేరులోనే గోదావరి ఉంది. పిల్లలు నీళ్లు చూస్తే ఆగరు. కానీ మన దగ్గర నది పైకి కనిపించినట్టు ఉండదు. పైన ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది, గేట్లు తెరిస్తే కింద నీళ్లు పెరుగుతయి. ఇసుక తీసిన చోట గుంతలు పడతయి. మోకాళ్ల లోతు అనుకుని ఒక్క అడుగు ముందుకేస్తే మనిషి మునుగుతడు. ప్రతి ఏడాది పుట్టినరోజు అని, పండుగ స్నానం అని పోయి తిరిగిరాని పిల్లల వార్తలు చదువుతనే ఉన్నం.

మా బాపు దీనికి గని పద్ధతి పెట్టిండు. అండర్‌గ్రౌండ్‌లోకి దిగే ప్రతి మనిషి ల్యాంప్ రూంలో దీపం తీసుకుంటడు. షిఫ్టు అయ్యాక వాపసు ఇస్తడు. ఒక్క దీపం వాపసు రాలేదంటే ఒక మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. మాకు కూడా అంతే. తొమ్మిది మందికి ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబర్లు. బాపు "మస్టర్!" అని అరిస్తే వరుసగా నంబర్ చెప్పాలి. బండి ఎక్కేముందు, దిగాక, నీళ్ల దగ్గరికి పోయేముందు, అరగంటకోసారి. మూడేళ్లది తన తొమ్మిదో నంబర్ అందరికన్నా గట్టిగా అరుస్తది.

నీళ్ల దగ్గర ముగ్గురు పిల్లలకి ఒక పెద్ద మనిషి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండొద్దు, మందు అసలే ఉండొద్దు. "అందరం ఉన్నం కదా, ఎవరో ఒకరు చూస్తరులే" అనుకున్నప్పుడు ఎవరూ చూడరు. పేరు పెట్టి చెప్పాలి: ఈ ముగ్గురు నీ జిమ్మా, ఈ ముగ్గురు నా జిమ్మా.

చివరిగా ఫోన్ గురించి, ఎందుకంటే మీరంతా స్టేటస్ పెట్టేటోళ్లే. నేను వీడియోలు చేస్తా, కానీ మా పిల్లల పుట్టినరోజు ఒక్కటి కూడా అప్‌లోడ్ చేయలేదు. దీనికి ఇంజినీర్‌గా ఒక కారణం ఉంది. ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేస్తే దాని పాస్‌వర్డ్ ఏంటి? పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఈ-పాన్ పాస్‌వర్డ్? పుట్టిన తేదీ. ఇప్పుడు మీ రీల్ చూడండి. వెనకాల ఫ్లెక్సీ మీద పూర్తి పేరు, కేకు మీద ఎన్నో ఏడో అంకె, పైన అప్‌లోడ్ చేసిన తేదీ. పేరు, తేదీ, సంవత్సరం అన్నీ మీరే ఇచ్చేసిండ్రు. ఒంటి మీద స్కూల్ యూనిఫాం, గోడ మీద క్వార్టర్ నంబర్ కూడా కనిపిస్తే ఇంక చెప్పేదేముంది. ఫొటోలు తీయండి, బాగా తీయండి, ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టుకోండి. ఊరందరికీ చూపించాలనుకుంటే ఫ్లెక్సీ కట్ చేసి, రెండు వారాలు ఆగి పెట్టండి.

ఇంకో మాట. ఫొటో తీసేటప్పుడు డ్యూటీలో ఉన్న మనిషి లేకుండా తీయకండి. మేం ట్రిప్పు తేదీ షిఫ్టు చూసి పెట్టుకునేది అందుకే. ఇప్పుడు మా ఇంటి ఫొటోల్లో పెద్దన్న ఉన్నడు, చిన్నన్న గంటె పట్టుకుని ఉన్నడు, బాపు లెక్కపెడుతూ ఉన్నడు. మొన్న సంక్రాంతికి ఆ ఎనిమిదేళ్ల పిల్ల, ఇప్పుడు పదకొండు, కేకు తొమ్మిది ముక్కలు కోసి పంచింది. క్రీము ఎక్కువున్న ముక్క తనకే పెట్టుకుంది. ఎవరూ ఏం అనలేదు.

మీ ఇంట్లో ఎంతమంది పిల్లలు, వచ్చే సెలవుల్లో ఎక్కడికి పోతున్నరు, ఇవాళే కూసుని మాట్లాడుకోండి. నంబర్లు ఇయ్యడం మర్చిపోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా పైలం. ఉంటా మరి.