దాదా తుపాకీ నేర్పిన చదువు

(సంఘం వార్షికోత్సవంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పాత రోజుల వేట గురించి చెప్పమన్నారు. ఇప్పుడు శామీర్‌పేట అంటే మీకు రింగు రోడ్డు, కాలేజీలు, రిసార్టులు. నా చిన్నతనంలో చెరువు వెనక తుప్పలు, గుట్టలు, జొన్నచేన్లు. రాత్రయితే చేన్లో అడవిపందులు పడేవి. అందుకే మా దాదా దగ్గర లైసెన్సు తుపాకీ ఒకటి ఉండేది. ఆయన తండ్రి నాటి చెకుముకి తుపాకీ.

నాకు పద్నాలుగేళ్లప్పుడు దాన్ని చేతికిచ్చాడు. కానీ మూడు నెలలు మందు ముట్టనివ్వలేదు. పట్టుకోవడం, నడవడం, కంచె దాటేటప్పుడు పక్కన పెట్టడం, గొట్టం మనిషి వైపు తిరగకుండా చూసుకోవడం, ఇదే చదువు.

ఆ తర్వాతే మందు. గొట్టంలో ముందు మందు పోయాలి. ఆపైన గుడ్డపీలిక, సీసపు గుండు. కడ్డీతో దట్టించాలి. పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు మెత్తటి మందు వేయాలి. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కును గీరి రవ్వలు రాలతాయి. గిన్నెలో మందు అంటుకుని, సన్నటి రంధ్రం గుండా నిప్పు లోపలికి పోయి, అప్పుడు పేలుతుంది. ఆ రెప్పపాటులో చెయ్యి కదిలిందా, గురి పోయినట్టే. ముఖం ముందు మంట లేచినా కదలొద్దు. గిన్నెలో మందు తడిస్తే తుపాకీ కట్టెతో సమానం. మళ్లీ నింపేదాకా జంతువు ఆగదు. ఉన్నది ఒక్క దెబ్బే.

1940లో జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం మనుషుల దగ్గరున్నవి కూడా కొద్దిపాటి నాటు తుపాకులే. ఎదురుగా నిజాం సాయుధ పోలీసులు. తుపాకీ నింపడం తెలిసినవాడికే ఆ ధైర్యం విలువ తెలుస్తుంది.

ఒకనాడు మునిమాపు వేళ గట్టు మీద కూర్చున్నాం. చేను కదిలింది. పందే అనుకుని గురిపెట్టి నొక్కబోయాను. దాదా అరచేత్తో గొట్టాన్ని పైకి తోశాడు. దెబ్బ ఆకాశంలోకి పోయింది. చేన్లోంచి గడ్డిమోపుతో మా చిన్నమ్మ లేచి నిలబడింది.

ఆ రాత్రి నాకు రొట్టె దిగలేదు. దాదా కొట్టలేదు, తిట్టలేదు. "కనబడందాన్ని కాల్చకు. కనబడ్డా, అక్కర లేందాన్ని కాల్చకు" అన్నాడు, అంతే. మళ్లీ నేను వేటకు పోలేదు.

తమ్ముళ్లూ, ఇప్పుడు కాలం వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని నాటు తుపాకీ ఇంట్లో ఉండడమే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కృష్ణజింకను చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. పందుల కోసం చేనుకు కరెంటు తీగ కడితే, మా చిన్నమ్మలాంటి మనిషే పోతుంది. తీగను పైకి తోయడానికి అక్కడ దాదా ఉండడు. పంట పోతే అటవీ శాఖకు రాసివ్వండి, సంఘం మీ వెంట వస్తుంది.

గురి మీద ఇష్టముంటే దారి లేక కాదు. గచ్చిబౌలిలో షూటింగ్ రేంజ్ ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. మా దాదా నేర్పిన నిలకడే అక్కడా కావాలి.

దాదా పోయాక తుపాకీని పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాం. మాకు మిగిలింది మందు పోసుకునే ఈ కొమ్ము ఒక్కటే. చేతికి తీసుకుని చూడండి. ఖాళీదే.

జై సేవాలాల్.