ఓటు అడిగేవాళ్లను ధర అడుగుదాం

(మండల రైతు సంఘం కార్యకర్తల సమావేశంలో నిజామాబాద్ జిల్లా పసుపు రైతు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికల కాలం మళ్లీ దగ్గర పడుతోంది. ఎవరికి ఓటేయాలో చెప్పడానికి నేను రాలేదు. ఈ గదిలో నాలుగు పార్టీల వాళ్లం ఉన్నాం. సంఘం రశీదు రాసేటప్పుడు ఎవరినీ ఏ పార్టీ అని అడగలేదు, అడగం కూడా. నేను మాట్లాడేది ప్రచారం గురించి. ఆ నెల రోజులు మన ఊళ్లల్లో ఏం జరుగుతోంది, అందులో మన పని ఏమిటి, అంతే.

ప్రచారం ఎట్లా వస్తుందో మీకు తెలుసు. ముందు పాటల బండి వస్తుంది. వెనక కండువాలు, ఆ వెనక కార్లు. నాయకుడు దిగుతాడు. ముసలమ్మను అవ్వా అని దగ్గరికి తీసుకుంటాడు, చంటిపిల్లను ఎత్తుకుంటాడు. నాట్లు పడుతుంటే బురదలోకి దిగి నాలుగు కుదుళ్లు నాటి ఫోటో దిగుతాడు. ఆయన పోయినాక ఆ నాలుగు కుదుళ్లూ పీకి సరిగ్గా నాటేది మన ఆడవాళ్లే. ఊళ్లో ఉండేది ఇరవై నిమిషాలు. పదిహేను నిమిషాలు మైకు ఆయన చేతిలోనే ఉంటుంది, మిగిలిన ఐదు నిమిషాలు దండలకు పోతాయి. రైతు నోరు తెరిచేలోపు పక్క ఊరికి టైమ్ అయిందని వెంట వచ్చినవాళ్లు తొందర పెడతారు.

ఇక సభలు. సభకు పోతే కూలి, బిర్యానీ, మగవాళ్లకు సీసా. చేనికి పోతే ఎండలో నడుం వంచాలి. కోతల కాలంలో కూలీలు దొరకడం లేదని మనం తిట్టుకుంటాం. నేనైతే వాళ్లను తప్పు పట్టను. ఏడాది పొడుగునా బీడీలు చుట్టి వేళ్లు అరిగిన అక్క ఒక్కరోజు ట్రాక్టర్ ఎక్కి సభకు పోతే ఆమెకు అది సెలవు రోజు. నా బాధ వేరే. ఆ సభలో ఆమె తల లెక్కకు వస్తుంది గానీ ఆమె మాట రాదు.

మన జిల్లాలో ఇంకో పద్ధతి ఉంది. గ్రామాభివృద్ధి కమిటీ. చాలా ఊళ్లల్లో నాయకుడు ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు, కమిటీతో కూర్చుంటే చాలు. గుడికి ఇంత, కుల సంఘం భవనానికి ఇంత, వంట పాత్రలు, టెంటు సామాను. గుడి వద్దని నేను అనను. మా కుల సంఘం గంగాళంలో వండిన అన్నం నేనూ తింటున్నాను. కానీ లెక్క చూడండి. వెయ్యి ఓట్ల ఊరికి ఐదు లక్షల భవనం ఇచ్చారనుకోండి. ఓటుకు ఐదు వందలు పడింది, అదీ ఐదేళ్లకు. ఒక రైతు ఇరవై క్వింటాళ్ల పసుపు మార్కెట్‌కు తీసుకుపోతాడు. క్వింటాలుకు వెయ్యి తగ్గితే ఒక్క పూటలో ఇరవై వేలు పోయాయి. ఆ ఇరవై వేల మాట కమిటీ గదిలో ఎవరూ ఎత్తరు. ఎందుకంటే ఆ గదిలోకి కౌలు రైతును పిలవరు, ఆడవాళ్లను పిలవరు. ఇది చెబితే మా ఊళ్లో కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

ఎన్నిక వచ్చిందంటే మన పనులకు కూడా అడ్డం పడుతుంది. పార్లమెంటు ఎన్నికంటే యాసంగి వడ్లు కల్లంలో ఉండే కాలం. కొనుగోలు సెంటర్‌కు పోతే సార్లు ఎన్నికల డ్యూటీలో ఉన్నారంటారు. ఏది అడిగినా కోడ్ ఉందంటారు. వడ్లు తూకం వేయడానికి కోడ్ అడ్డం కాదు, ఈ మాట అందరూ గుర్తు పెట్టుకోండి. ఇంకోటి, 50 వేలకు పైన చేతిలో నగదుతో పోతే కాగితం చూపించాలి. బర్రె అమ్మిన పైసలకు అంగట్లో కాగితం ఎవరిస్తారు? సంచులు పట్టుకుని పోయేవాళ్లు ఎట్లాగో పోతారు, దారిలో ఆగేది మనమే. అందుకే కోడ్ ఉన్నన్ని రోజులు పంట అమ్మినా, పశువు అమ్మినా రశీదు, లేదంటే కొన్నవాడి సంతకం ఉన్న చీటీ జేబులో పెట్టుకోండి. పట్టుకున్న పైసలు విడిపించడానికి జిల్లాలో కమిటీ ఉంటుంది, అక్కడ ఆ చీటీ పనికొస్తుంది.

2023 నవంబర్‌లో ఏమైందో మరిచిపోలేదు కదా. రైతుబంధు పైసలు వేసుకోవచ్చని ఎన్నికల సంఘం అనుమతి ఇచ్చింది. పైసలు ఫలానా రోజు పడతాయని మంత్రి ప్రచార సభలో చెప్పడంతో నవంబర్ 27న ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. మాట జారింది వేదిక మీద, ఆగింది రైతు ఖాతాలో. మన పైసలు వాళ్ల ప్రచార సామాను అయితే జరిగేది ఇదే.

ఇప్పుడు మన జిల్లా సంగతికి వస్తాను. 2019లో ఫిబ్రవరి నుంచే మనం రోడ్ల మీద కూర్చున్నాం. పసుపు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 ధర ఇమ్మన్నాం, పసుపు బోర్డు కావాలన్నాం. అరెస్టులు అయ్యాయి. ధర్నాను దాటుకుని బండ్లు పోయాయి, కెమెరాలు కూడా పోయాయి. అప్పుడు ఊరూరా చందాలు వేసుకుని నామినేషన్లు వేశాం. నిజామాబాద్ పార్లమెంటు స్థానంలో మొత్తం అభ్యర్థులు 185 మంది, అందులో రైతులం 178 మందిమి. ఏప్రిల్ 11న పోలింగ్. ఎన్నికల సంఘం కొత్త రకం యంత్రాలు తెప్పించి ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టింది. ఆ జాబితాలో నా పేరూ ఉంది. నా పేరును నేనే వెతుక్కుని నొక్కడానికి చాలాసేపు పట్టింది, వెనక లైన్‌లో ఉన్నవాళ్లు గొణిగారు కూడా.

మేం గెలవడానికి నిలబడలేదు. మాకు పాటల బండి లేదు, కండువా లేదు. ఆ పేర్ల జాబితాయే మా ప్రచారం. దాన్ని చూసి దేశంలోని పత్రికలన్నీ వచ్చి పసుపు రైతుకు ఏమైందని అడిగాయి. ఖర్చు ఎంతనుకున్నారు? ఒక్కొక్కరికి డిపాజిట్ 25,000, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. అందరికీ పూర్తి డిపాజిట్ లెక్కేసినా 44 లక్షల 50 వేలు దాటదు. ఆ ఎన్నికలో ఒక్క పార్లమెంటు అభ్యర్థి చట్టప్రకారం ఖర్చు పెట్టుకోదగ్గ మొత్తం 70 లక్షలు. చట్టానికి అవతల పెట్టేది మీరే ఊహించుకోండి. తర్వాత మన వాళ్లు కొందరు వారణాసి దాకా పోయి నామినేషన్లు వేసే ప్రయత్నం చేశారు. అక్కడ దాదాపు అన్నీ తిరస్కరించారు.

ఈ దారి మనతో మొదలు కాలేదు. 1996లో నల్గొండ పార్లమెంటు స్థానంలో 480 మంది బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్నాయి, మాకు కృష్ణా నీళ్లు ఇవ్వండని జల సాధన సమితి నడిపిన పోరాటం అది. అప్పుడు యంత్రాలు లేవు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. అదే ఏడాది తమిళనాడులో మొడక్కురిచి అసెంబ్లీ స్థానంలో రైతులు నిలబడితే మొత్తం అభ్యర్థులు వెయ్యి దాటారు. ఆ వెంటనే ఢిల్లీ ఏం చేసింది? పార్లమెంటు డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచింది. గుర్తింపు పొందిన పార్టీ లేనివాళ్లకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలంది. తర్వాత ఆ 10,000 కాస్తా 25,000 అయింది. నీళ్లెందుకు అడుగుతున్నారన్నది వెనక్కి పోయింది, ఎక్కువమంది ఎందుకు నిలబడుతున్నారన్నది ముందుకు వచ్చింది.

మరి 2019లో మనకేం దక్కింది? అప్పటి ముఖ్యమంత్రి కూతురు, సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తాను, తేకపోతే రాజీనామా చేసి మీ ఉద్యమంలో చేరతానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ గెలిచారు. బాండ్ పేపర్ అనే మాట అప్పటినుంచి మన జిల్లాలో సామెత లెక్క అయింది. 2020లో స్పైసెస్ బోర్డు ప్రాంతీయ ఆఫీసు వచ్చింది, ఇదే అదన్నారు. కాదని మనమన్నాం. 2023 అక్టోబర్ 1న ప్రధాని మహబూబ్‌నగర్ సభలో జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. అంటే అసెంబ్లీ ఎన్నికలకు రెండు నెలల ముందు. బోర్డు మొదలైంది 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు. నిజామాబాద్‌లో ఆఫీసు ప్రారంభం అదే ఏడాది జూన్ 29న.

బోర్డు వచ్చింది, మంచిదే. పోరాడి తెచ్చుకున్నాం, కాదనేవాడు ఎవడూ లేడు. కానీ జాగ్రత్తగా చూడండి. మనం అడిగినవి రెండు, ధర, బోర్డు. ప్రచారం బోర్డును ఎత్తుకుంది. ఐదారేళ్లు ఏ సభలో విన్నా బోర్డు వచ్చిందా రాలేదా, ఎవరు తెచ్చారు, ఎవరు అడ్డుకున్నారు, ఇదే గొడవ. 15,000 మాట ఎవరి నోటా లేదు. బోర్డు పని విత్తనం, నాణ్యత, శుద్ధి, ఎగుమతి. క్వింటాలుకు ఇంతకు తక్కువ కొనొద్దని చెప్పే అధికారం దానికి లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు లేదు. జొన్న ఉంది, కానీ మన ఎర్రజొన్న పశుగ్రాసం విత్తనంగా ఉత్తరాదికి పోయే సరుకు. దాని రేటు విత్తన వ్యాపారి నోట్లో ఉంటుంది. 2008లో ఆర్మూర్‌లో ఎర్రజొన్న బకాయిల కోసం ఏమైందో ఇక్కడున్న సగం మంది కళ్లారా చూసినవాళ్లే. 2024లో పసుపు 15 వేలు దాటి పలికింది కదా అంటారు. నిజమే. అప్పటికి బోర్డుకు కుర్చీ కూడా లేదు. సాగు తగ్గింది, సరుకు తక్కువొచ్చింది, రేటు లేచింది. సరుకు ఎక్కువొచ్చిన ఏడాది అదే రేటు పడిపోతుంది. పడినప్పుడు పట్టుకునేది ఏదీ లేదు.

బోర్డుకు శిలాఫలకం ఉంటుంది, రిబ్బన్ ఉంటుంది, ఫోటో ఉంటుంది. ధరకు ఫోటో ఉండదు. అందుకే నాయకులకు మొదటిది సులువు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది, అప్పటినుంచి తెరిపిస్తామన్న మాట వినపడని ఎన్నిక లేదు.

రుణమాఫీ కూడా చూడండి. 2018 ఎన్నికల్లో చెప్పిన లక్ష రూపాయల మాఫీ చాలామందికి అందింది 2023 ఆగస్టులో, మళ్లీ ఎన్నికలకు నాలుగు నెలల ముందు. ఈలోపు వడ్డీ ఎవరు కట్టారు? మాఫీ ఎంత అని అడిగాం గానీ ఏ తారీఖున అని అడిగినవాళ్లు తక్కువ.

అన్నిటికంటే నన్ను తొలిచేది కౌలు రైతు సంగతి. ఓటరు లిస్టులో ఆయన పేరు ఉంటుంది, పాస్‌బుక్‌లో ఉండదు. 2018లో రైతుబంధు పెట్టినప్పుడు కౌలుదారులకు లేదన్నారు. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతులకు కూడా కలిపి ఎకరాకు ఏడాదికి 15,000 అంది. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైంది, 12,000తో, పట్టాదారులకు. కౌలుదారులను గుర్తించి కార్డులివ్వాలని 2011 నుంచే చట్టం ఉంది, మన దగ్గర దాన్ని అమలు చేసే నాథుడు లేడు. పంట పోతే పరిహారం పట్టాదారుకు, అప్పు కౌలుదారుకు. ఉరితాడు కూడా ఆయనకే. వీళ్లు ఓట్లు వేయరా? వేస్తారు. కానీ కౌలు రైతు పేరెత్తితే పట్టాదారు మొహం మాడుతుందని నాయకుడికి భయం. నిజం చెప్పాలంటే మన సంఘంలోనూ పట్టాదారులే ఎక్కువ. ఆ మాట మనలో మనం తేల్చుకోకపోతే నాయకుడిని అడిగే మొహం మనకు ఉండదు.

ఈసారి ఏం చేద్దామంటే, నా ఆలోచన చెబుతాను, తర్వాత మీరు చర్చించండి. మళ్లీ 178 మంది నిలబడాలని నేను అనడం లేదు. ఆ డిపాజిట్లు పోయి అప్పైన ఊళ్లు ఉన్నాయి. ఒక్కసారికి అది ఆయుధం, ప్రతిసారీ పనిచేయదు. మనం చేయగలిగేది ప్రచారం బండిని ఊరి నడుమ అరగంట ఆపడం. ఏ పార్టీదైనా సరే. దండ వేద్దాం, నీళ్లిద్దాం, మర్యాద తప్పొద్దు. తర్వాత మైకు మన చేతికి ఇమ్మందాం. ముందు ఆడవాళ్లు అడగాలి, వాళ్ల తర్వాత కౌలు రైతులు, చివర మనం. అడిగే మాట చిన్నగా ఉండాలి. పసుపు ఈ రేటుకు పడితే మీరు ఎంతకు కొంటారు, పైసలు ఏ ఖాతా నుంచి తెస్తారు, ఏ తారీఖు లోపల? కౌలుదారుకు కార్డు ఇస్తారా, ఇవ్వరా? చూస్తాం, చేస్తాం అంటే ఆ మాటే రాసుకుందాం. తారీఖు వేసి, ఊరి పేరు వేసి, విన్న ఇద్దరి సంతకాలు పెట్టిద్దాం. బాండ్ పేపర్ వాళ్లు రాసిస్తే వాళ్ల దగ్గరి నుంచి వచ్చే కాగితం, ఇది మన దగ్గర ఉండే కాగితం.

గ్రామాభివృద్ధి కమిటీల్లో ఉన్న మన సభ్యులు ఒక పని చేయాలి. నాయకుడు వచ్చే ముందు కమిటీ సమావేశానికి ఇద్దరు కౌలు రైతులను, ఇద్దరు ఆడవాళ్లను పిలిపించండి. ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని మాకు చెప్పండి, పెద్ద మనుషులతో మేం వచ్చి మాట్లాడతాం.

నోటుబుక్కులు బయట బల్ల మీద పెట్టించాను, ఊరికొకటి తీసుకుపొండి. మొదటి పేజీలో మీ ఊరి కౌలు రైతుల పేర్లు, ఎవరు ఎన్ని ఎకరాలు చేస్తున్నారో రాయండి. వచ్చే నెల సమావేశానికి తెస్తే ఇక్కడే కలిపి లెక్క తీద్దాం.