మోటారు తిరుగుతోంది, నీళ్లు రావడం లేదు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి ఎప్పుడూ మాట్లాడుకునేదే, ఈసారి ఇంటికి పనికొచ్చేది ఏదైనా చెప్పండని కార్యదర్శిగారు అన్నారు. ముప్ఫై ఏళ్లు పంపుహౌసుల్లో గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసింది నీళ్ల మోటారు ఒక్కటే. మనలో చాలామంది ఇళ్లలో ఏర్పాటు ఒకటే: కింద సంపు, దాని పక్కన అర హెచ్.పి. మోనోబ్లాకు మోటారు, డాబా మీద ట్యాంకు. దాని గురించే చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, మోటారు తిరుగుతోంది గాని నీళ్లు రావడం లేదని. పిలిచిన మెకానిక్ "వైండింగు పోయింది సార్" అంటే వెంటనే ఒప్పుకోకండి. వైండింగు కాలిపోయిన మోటారు మామూలుగా తిరగదు. తప్పు ఎక్కువగా మోటారులో కాదు, సంపులోకి దిగే పైపులో ఉంటుంది.

పంపు నీళ్లను లాగుతుందని మనం అనుకుంటాం. నిజానికి నీళ్లను పైకి నెట్టేది బయటి గాలి ఒత్తిడి. పంపు చేసేదల్లా లోపల ఒత్తిడి తగ్గించడం. గాలి ఒత్తిడి నిలబెట్టగలిగేది సుమారు 34 అడుగుల నీళ్లను. ఆచరణలో 20, 25 అడుగులు దాటితే కష్టమే. పంపులో గాలి చేరితే ఇంపెల్లరు ఆ గాలినే చిలుకుతూ కూర్చుంటుంది. అందుకే మనం గరాటులో నీళ్లు పోస్తాం.

పోసిన నీళ్లు నిలవకుండా దిగిపోతుంటే, పైపు అడుగున ఉన్న ఫుట్‌వాల్వు మూసుకోవడం లేదన్నమాట. వేపాకో, ఇసుకో అడ్డుపడి ఉంటుంది, లేదా వాషరు అరిగి ఉంటుంది. విప్పి కడిగితే చాలాసార్లు సరిపోతుంది. నీళ్లు నిలిచినా పంపు ఎత్తలేకపోతుంటే, ముందు సంపులో నీటిమట్టం ఫుట్‌వాల్వుకు పైన ఉందో లేదో చూడండి. నవ్వకండి, నన్ను పిలిచిన ఇళ్లలో రెండుచోట్ల సంపే ఖాళీ! నీళ్లు ఉన్నాయంటే ఏదో జాయింటు దగ్గర గాలి పీలుస్తోందని అర్థం. గడ్డం గీసుకునే సబ్బు నురగ పైపు జాయింట్లకు పట్టించి, చేయి తీసేసి, దూరంగా నిలబడి మోటారు వేయించండి. ఎక్కడ నురగ లోపలికి పోతే అక్కడే లీకు. టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే సరి.

రెండో ఫిర్యాదు, గుయ్యిమంటుంది, తిరగదు. అప్పుడు ఆలోచిస్తూ నిలబడకండి, వెంటనే ఆపేయండి. తిరగని మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, అలాగే వదిలేస్తే వైండింగు నిజంగానే కాలుతుంది. పిల్లల దగ్గర అమెరికాలో ఆరు నెలలు ఉండి వచ్చిన వాళ్లకు ఇది బాగా తెలుసు. తుప్పుకు ఇంపెల్లరు పట్టేస్తుంది. మెయిన్ ఆపి, వెనక షాఫ్టు చివర గాడి ఉంటే స్క్రూడ్రైవరు పెట్టి అటూ ఇటూ మెల్లగా తిప్పండి. షాఫ్టు సులువుగా తిరుగుతున్నా మోటారు గుయ్యిమంటూనే ఉంటే కెపాసిటరు పోయి ఉండవచ్చు. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లని ఉంటే కొత్తదీ అంతే ఉండాలి. కాని దాన్ని మీరు విప్పకండి. స్విచ్చి ఆపినా అందులో కరెంటు నిలవ ఉంటుంది.

వోల్టేజీ కూడా చూడాలి. 230 నుంచి 160కి పడిపోతే, మోటారు మొదట లేవడానికి కావలసిన బలం సగానికి తగ్గుతుంది. అప్పుడు మోటారును తిట్టి లాభం లేదు, కాసేపు ఆగాలి.

ఇక నా తప్పు చెబుతాను. 2011 వేసవిలో మా ఇంట్లో ఫుట్‌వాల్వు కారడం మొదలైంది. రోజూ చెంబుతో నీళ్లు పోసి మోటారు వేసుకునేవాళ్లం. "రేపు విప్పుతాను" అంటూ రెండు నెలలు గడిపాను. పోసిన నీళ్లు కొంత మోటారు మీదా పడేవి, గ్లాండు దగ్గరా కారేవి. గోడకు సున్నాలు వేసినప్పుడు ఎర్తు తీగ ఊడింది, నేను గమనించలేదు. ఒకరోజు మా ఆవిడ నీళ్లు పోస్తుంటే, ఆమె చేయి ఇంకా మోటారు మీద ఉండగానే నేను స్విచ్చి వేశాను. షాక్ కొట్టి వెనక్కు పడింది. సంపు గట్టుకు తగిలి మణికట్టు విరిగింది. చేయి విసిరికొట్టింది గనుక బతికింది. అదే పట్టేసి ఉంటే ఈరోజు నేను ఇక్కడ ఇలా మాట్లాడుతూ ఉండను. పంపుహౌసుల్లో కుర్రాళ్లకు భద్రత గురించి పాఠాలు చెప్పినవాణ్ణి నేనే.

ఆమె ఆసుపత్రి నుంచి రాకముందే ఆర్.సి.సి.బి. పెట్టించాను. ఎం.సి.బి. వేరు, ఇది వేరు. ఎం.సి.బి. తీగలను కాపాడుతుంది, ఇది మనిషిని కాపాడుతుంది. 30 మిల్లీఆంపియర్ల కరెంటు దారి తప్పితే చాలు, క్షణంలో సరఫరా తెంచేస్తుంది. దాని మీద టెస్టు బొత్తం ఉంటుంది, నెలకొకసారి నొక్కి చూడండి. నొక్కినా పడిపోకపోతే మార్పించాలి. అది ఉంది కదా అని ఎర్తు మానకూడదు. ఫ్యూజు పోతోందని లావు తీగ చుట్టేవాళ్లు మనలో ఉన్నారు, వారి పేర్లు నేను చెప్పను. ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి.

వెనక బల్ల మీద ఒక పాత ఫుట్‌వాల్వు, విప్పిన పంపు, ఒక ఆర్.సి.సి.బి. పెట్టాను. టీ తరువాత వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. ముందు ఆడవాళ్లను రానివ్వండి, చాలా ఇళ్లలో రోజూ మోటారు వేసేది వాళ్లే.