సిఫర్ వేరు, ఖాళీ వేరు
(కేతేపల్లిలో సొసైటీ సభ్యుల ముందు చేసిన ప్రసంగం)



నేను ఉర్దూ మీడియం పిల్లలకు చదువు చెప్పే సారును. నా తెలుగులో తప్పులుంటే మన్నించాలి. ఈ రోజు కంప్యూటర్ లెక్క ఒకటి చెబుతాను. వరుసగా ఉన్న అంకెల్లో మనకు కావలసిన అంకె ఎన్నిసార్లు వచ్చింది? చూడటానికి చిన్న ప్రశ్నే.

పదిమంది పిల్లల మార్కులు ఇవి అనుకోండి: 35, 0, 42, 35, 0, 18, 50, 35, 27. పదో పిల్లవాడు పరీక్షకు రాలేదు, అక్కడ ఖాళీ. 35 వచ్చినవారు ఎందరు? మనమైతే వేలు పెట్టి చూసుకుంటూ పోతాం. కంప్యూటరూ అంతే. ఆర్ అనే ప్రోగ్రాం భాష ఒకటుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు 1990ల మొదట్లో దీన్ని తయారు చేశారు. ఉచితంగా దొరుకుతుంది. ఇలాంటి అంకెల వరుసను అందులో వెక్టర్ అంటారు. ప్రతి అంకెనూ 35తో పోల్చి, సమానమైతే ‘నిజం’, కాకపోతే ‘అబద్ధం’ అంటుంది. నిజానికి 1, అబద్ధానికి 0 వేసి కూడుతుంది. పోల్చడానికి ఈక్వల్ గుర్తు రెండుసార్లు పెట్టాలి. ఒక్కటే పెడితే పోల్చమని కాదు, ఆ పేరుకు ఆ విలువ ఇచ్చేయమని అర్థం. ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో అన్నీ ఒక్కసారే కావాలంటే ‘టేబుల్’ అనే ఆజ్ఞ ఉంది.

మన వరుసలో జవాబు 3 రావాలి గదా? రాదు! ‘తెలియదు’ అని వస్తుంది. ఖాళీలో ఏముందో తెలియకుండా మొత్తం ఎట్లా చెప్పను అంటుంది. ఖాళీని వదిలిపెట్టి కూడమని మనం విడిగా చెబితేనే 3 అంటుంది. అప్పుడు కూడా అది తొమ్మిదిమందిలో ముగ్గురు, పదిమందిలో కాదు.

సిఫర్ అంటే అరబ్బీలో ఖాళీ అనే అర్థం. కాని లెక్కలో సిఫర్ వేరు, ఖాళీ వేరు. ఒకప్పుడు నేను జ్వరంతో పరీక్షకు రాని అమ్మాయికి సున్నా వేశాను. సున్నాలు వచ్చినవారిని లెక్కబెట్టి చదివినప్పుడు ఆమె పేరూ వచ్చింది. మరునాడు వాళ్ల నాన్న వచ్చి, “సార్, మా బిడ్డ రాయనేలేదు గదా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తప్పు నాదే.

ఇది మార్కులతో పోయేది కాదు. మన నల్లగొండ జిల్లాకు ఫ్లోరైడ్ బాధ కొత్త కాదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన బోర్లు ఎన్ని అని లెక్కబెట్టేటప్పుడు, పరీక్ష చేయని బోరుకు సున్నా రాస్తే ఏమవుతుంది? అది మంచినీళ్ల బోర్ల లెక్కలో కలుస్తుంది. ఆ నీళ్లే పిల్లలు తాగుతారు.

కాబట్టి పిల్లలారా, లెక్కబెట్టే ముందు ఖాళీలు ఎన్ని ఉన్నాయో చూడండి. తెలియని చోట తెలియదనే రాయండి.