దైవభక్తిగల నాయకులను తయారు చేయుట – ఒక సైనికుని మాట

(ఖరగ్‌పూర్‌లో జరిగిన మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

కార్యదర్శిగారు ఈ అంశం నాకిచ్చి, క్రైస్తవ దృష్టితో మాట్లాడమన్నారు. నేను పాస్టరును కాను, వేదాంత కళాశాల గడప తొక్కినవాడినీ కాను. మా నాన్నగారు ఇక్కడి రైల్వే వర్కుషాపులో ఫిట్టరు. నేను ఇంటర్మీడియట్ కాగానే సిగ్నల్స్‌లో చేరి, 28 సంవత్సరాలు చేసి సుబేదారుగా రిటైరయ్యాను. కాబట్టి నాకు తెలిసిన రెండు పుస్తకాల నుంచే చెబుతాను. ఒకటి బైబిలు, రెండవది పటాలం. హిందూ, ముస్లిం సోదరులు కూడా ఉన్నారు. యూనిట్‌లో సర్వధర్మ స్థలంలో అందరం ఒకే కప్పు కింద నిలబడి మొక్కినవాళ్లమే గదా. ఇందులో మీకు పనికివచ్చేది ఉంటే తీసుకోండి.

ఎవరు దైవభక్తిగల నాయకుడు? పెద్ద గొంతుతో ప్రార్థన చేసేవాడా? ముందు వరుసలో కూర్చునేవాడా? పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో అధ్యక్షుని అర్హతల జాబితా ఉంది. మన ఏ.సి.ఆర్. ఫారం లాంటిదే. నేను ఒక్కొక్కటి లెక్కపెట్టి చూశాను. అందులో బోధించగలగడం అనే ఒక్క నేర్పు తప్ప మిగిలినవన్నీ నడవడికకు సంబంధించినవే. తాగుబోతు కాకూడదు, కొట్లాటమనిషి కాకూడదు, డబ్బు మీద ఆశ ఉండకూడదు, ఇంటిని చక్కగా నడుపుకోవాలి, కొత్తగా చేరినవాడు కాకూడదు. చివరిగా, సంఘానికి బయట ఉన్నవాళ్లు కూడా అతని గురించి మంచి చెప్పాలి. ఈ చివరిది చాలా ముఖ్యం. మన గోల్‌బజారు కొట్టువాడు, పక్క క్వార్టరు బెంగాలీ దాదా మన గురించి ఏమంటున్నారో అదే అసలు రిపోర్టు.

ఫౌజీలకు తెలిసిన బడాఖానా సంగతి చెప్తాను. ఆ రోజు ఆఫీసర్లు, జె.సి.ఓ.లు వడ్డిస్తే జవాన్లు తింటారు. సంవత్సరమంతా హుకుం ఇచ్చిన చెయ్యి ఆ రోజు పూరీ వేస్తుంది. యేసుప్రభువు చివరి రాత్రి శిష్యుల పాదాలు కడిగినప్పుడు కూడా తన అధికారాన్ని వదులుకోలేదు. గురువు గురువుగానే ఉన్నాడు. అధికారం దేనికోసం ఉందో చేసి చూపించాడు. అయితే బడాఖానా ఏడాదికి ఒకటి రెండుసార్లే. ఆయన చెప్పింది ప్రతిరోజుకీ.

రెండవ సంగతి. నిర్గమకాండం 18వ అధ్యాయంలో మోషే పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగాదాలు తీరుస్తూ ఉంటాడు. మామగారు యిత్రో వచ్చి చూసి, ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని చెప్పి, వెయ్యిమందికి ఒకడు, నూరుమందికి ఒకడు, యాభైమందికి ఒకడు, పదిమందికి ఒకడు చొప్పున పెట్టమన్నాడు. ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. సెక్షను, ప్లాటూను, కంపెనీ, పటాలం లెక్క అప్పుడే ఉంది! కానీ యిత్రో ముందు చెప్పింది సంఖ్య కాదు. దేవునికి భయపడేవాళ్లను, లంచం అసహ్యించుకునేవాళ్లను చూడమన్నాడు. గుణం ముందు, ర్యాంకు తర్వాత.

అదే మోషే తన కాలం అయిపోయిందని తెలియగానే తనకేం కావాలో అడగలేదు. ఈ జనం కాపరిలేని గొర్రెలు కాకూడదు, వీళ్లమీద ఒకరిని నియమించమని దేవుణ్ణి అడిగాడు. అందరి ఎదుట యెహోషువ మీద చేతులుంచాడు. యెహోషువ గొప్ప సేనాపతి. కానీ ఆయన తన తర్వాత ఎవరినీ నియమించినట్టు మనకు కనబడదు. తర్వాతి పుస్తకం న్యాయాధిపతులు. ఎవడికి తోచింది వాడు చేసిన కాలం అది. యుద్ధాలు గెలవడం ఒక పని, వారసుణ్ణి తయారు చేయడం ఇంకొక పని. మన దగ్గర ఆర్డర్ల మీటింగులో కమాండరు పడిపోతే ఎవరు చేతికి తీసుకోవాలో ముందే చెప్తారు. సంఘాల్లో ఆ మాట ఎత్తితే, నేను చచ్చిపోవాలని చూస్తున్నావా అంటారు!

ఇది నవ్వుకునే మాట కాదు. ఊరి పేరు చెప్పను, ఒక తెలుగు సంఘంలో ఒక పెద్దాయన ఇరవై ఏళ్లకు పైగా అన్నీ ఒంటిచేత్తో నడిపారు. నిజాయితీపరుడే. హఠాత్తుగా కన్నుమూశారు. బ్యాంకు పుస్తకం ఎక్కడుందో, స్థలం కాగితాలు ఎవరి దగ్గరున్నాయో ఎవరికీ తెలియదు. రెండు గుంపులయ్యాయి, కోర్టుకెక్కారు. ఆదివారం రెండు వందలమంది కూర్చునే చోట నలభైమంది మిగిలారు. ఆయన మంచితనం సంఘాన్ని కాపాడలేకపోయింది.

ఇప్పుడు మన తెలుగు దేశంలో జరిగిన ఒక నిజమైన చరిత్ర చెప్తాను. దానికి మన బెంగాలుతో మూడు ముడులున్నాయి.

మొదటి ముడి శ్రీరాంపూర్. హుగ్లీ ఒడ్డున విలియం కేరీ, ఆయన తోటివారు పనిచేసిన ఊరు. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడే అచ్చయ్యాయి. అదే 1818లో శ్రీరాంపూర్ కళాశాల పెట్టారు. ఈ దేశస్థులనే బోధకులుగా తయారు చేయాలన్నది వారి ఉద్దేశాల్లో ఒకటి. రెండవ ముడి కూడా ఆ ఊరే. 1905 డిసెంబరు 25న అక్కడ భారతీయ క్రైస్తవులే కలిసి జాతీయ మిషనరీ సంఘం స్థాపించారు. స్థాపకుల్లో ఒకరు 31 ఏళ్ల తమిళ యువకుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. మూడవ ముడి కలకత్తా సెయింట్ పాల్ కెథీడ్రల్. 1912 డిసెంబరు 29న అదే అజరయ్యగారిని అక్కడ దోర్నకల్ బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. వయస్సు 38. ఒక నల్లవాడి కింద తెల్ల మిషనరీలు పనిచేయడమేమిటని గొణిగినవాళ్లు ఉన్నారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన మొహమాటం లేకుండా, మీ త్యాగాలు చూశాము, ఇప్పుడు మాకు స్నేహితులు కావాలి అన్న భావంతో మాట్లాడిన మనిషి. అది కొందరికి గుచ్చుకుంది.

దోర్నకల్ అంటే మనకు రైలు జంక్షనుగా తెలుసు. కాజీపేట–విజయవాడ లైనులో, బొగ్గు గనుల వైపు లైను చీలే చోటు. అప్పట్లో నిజాం రాజ్యం. ఖరగ్‌పూర్ లాగే రైలు పట్టాల పక్కన పెరిగిన ఊరు. 1909లో అజరయ్యగారు అక్కడికి వచ్చేనాటికి తెలుగు ఆయన భాష కాదు. నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. సంఘంలో చేరేవాళ్లు ఎక్కువగా మాల మాదిగ పేటలవాళ్లు, అక్షరం ముక్క రానివాళ్లు, ఊరికి దూరంగా ఉంచబడినవాళ్లు. వీళ్లలో నాయకులేమిటి అని లోకం అంటే, నాయకులు వీళ్లలోనుంచే రావాలి అని ఆయన పట్టుబట్టారు.

ఎలా చేశారు? నాకు అర్థమైనంతవరకు నాలుగు పద్ధతులు.

ఒకటి, బాప్తిస్మం పుచ్చుకున్న ప్రతివాడినీ తన తలమీద తన చెయ్యి పెట్టుకోమని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలు మాటను తనకు తానే చెప్పుకోమనేవారు. అంటే చేరిన రోజే బాధ్యత. కూర్చుని వినే సభ్యత్వం లేదు.

రెండు, పల్లెలకు వెళ్లే ఉపదేశులకు దోర్నకల్‌లో శిక్షణ. భార్యాభర్తలిద్దరికీ శిక్షణ. ఎందుకంటే పల్లెలో ఉపదేశి ఇల్లే బడి, ఇల్లే ఆసుపత్రి, ఇల్లే పంచాయతీ. ఆడవాళ్ల దగ్గరికి వెళ్లవలసింది ఆమే.

మూడు, పిడికెడు బియ్యం. అన్నం వండే ముందు తల్లి ఒక పిడికెడు బియ్యం దేవునికని పక్కన వేస్తుంది. కూలి చేసుకునేవాళ్లయినా తమ ఉపదేశిని తామే పోషించుకోవడం నేర్చుకున్నారు. పెట్టిన చెయ్యికి అడిగే ధైర్యం వస్తుంది. విదేశీ డబ్బు మీద బ్రతికే సంఘంలో నాయకుడు పైవాడి ముఖం చూస్తాడు, కింద ఉన్నవాడి ముఖం చూడడు.

నాలుగు, కులం సంగతిలో రాజీ లేదు. నాయకత్వం ఒక పేటకు కట్టిపెట్టకూడదని ఆయన గట్టిగా నిలబడ్డారు. అది పూర్తిగా నెరవేరిందని నేననను. ఆ పోరాటం మనకింకా మిగిలే ఉంది.

ఫలితం చూడండి. 1935 నాటికి ఆ మండలంలో సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామ ఉపదేశులు ఉన్నారు. రెండు పటాలాల నఫ్రీ కంటే ఎక్కువ! అక్కడి కెథీడ్రల్ కూడా మన గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాల పోలికలతో మన దేశపు కట్టడంలాగే కట్టారు. చాలా ఏళ్లు పట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆయన 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే మరణించారు. వేర్వేరు మిషన్ల సంఘాలు ఒకటి కావాలని 1919లో ట్రాంకేబారులో మొదలుపెట్టిన ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. అది చూడటానికి ఆయన లేరు. అయినా పని ఆగలేదు. నాయకుడి పరీక్ష అతను ఉన్నప్పుడు కాదు, లేనప్పుడు.

ఇప్పుడు మన ఖరగ్‌పూర్‌కి వద్దాం. బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మన తాతలు వచ్చారు. మథురాకాటి, నింపురా క్వార్టర్లలో సగం మాటలు తెలుగే వినబడేవి. ఇవాళ పెద్దలు రిటైరై క్వార్టరు ఖాళీ చేసి విశాఖ వెళ్లిపోతున్నారు. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు పోతున్నారు. ఇక్కడ మిగిలిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కానీ చదవలేరు. పాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. పదేళ్ల తర్వాత తెలుగు బైబిలు తెరిచి చదివేది ఎవరు? ఈ ప్రశ్న మన ఈ సంఘానికీ వర్తిస్తుంది. కార్యవర్గం జాబితా చూడండి, ఎన్నేళ్లుగా అవే పేర్లు!

ఇలాంటి చిక్కు యెరూషలేము సంఘంలోనూ వచ్చింది. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ పంచే దానిలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. భాష తగాదానే! అపొస్తలులు సణిగినవాళ్ల నోరు మూయించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని నీకొలాసు వరకు ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసిన పక్షం చేతికే గరిట ఇచ్చారు. మన కుర్రాళ్లు సణుగుతున్నారంటే వాళ్లకింకా ఆశ ఉందన్నమాట. సణగడం మానేసిన రోజు వాళ్లు వెళ్లిపోయినట్టు.

కాబట్టి నా మనవి ఇది. ప్రతి పదవిలో ఉన్నవారు ఈ సంవత్సరమే ఒక సెకండ్-ఇన్-కమాండ్‌ని పెట్టుకోండి. అతనికి కుర్చీలు మోయడం, మైకు కట్టడం మాత్రమే కాదు, లెక్కల పుస్తకం ఇవ్వండి. మన ప్రమోషన్ కేడరులో కుర్రవాడితోనే డ్రిల్లు చెప్పించి, ఉస్తాదు పక్కన నిలబడేవాడు. అలా నిలబడండి.

డబ్బు దగ్గర ఇద్దరి సంతకాలు ఉండాలి, నెలనెలా అందరి ఎదుట లెక్క చదవాలి. పౌలంతటివాడు కూడా చందా సొమ్ము ఒంటరిగా మోయలేదు, మనుష్యుల దృష్టిలోనూ నిందలేకుండా ఉండాలని తోడు మనుషులను పెట్టుకున్నాడు.

ఆడవాళ్లను పక్కన పెట్టకండి. మనం ఫీల్డులో ఉన్నప్పుడు ఇల్లు, పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రులు, బ్యాంకు అన్నీ నడిపింది వాళ్లే. అపొల్లో అంత పండితుడికి దేవుని మార్గం ఇంకా వివరంగా చెప్పినవాళ్లలో ప్రిస్కిల్ల ఉంది. మన కమిటీల్లో మాత్రం టీ కప్పుల దగ్గరే ఉంటోంది.

తప్పు చేసిన కుర్రవాణ్ణి వదిలేయకండి. మార్కు మధ్యలో వెళ్లిపోయాడని పౌలు అతణ్ణి మళ్లీ తీసుకెళ్లనన్నాడు. బర్నబా తన వెంట తీసుకెళ్లాడు. చివరికి అదే పౌలు చెరసాలలోనుంచి, మార్కు నాకు ప్రయోజనకరమైనవాడు, తీసుకురమ్మని వ్రాశాడు. మధ్యలో బర్నబా లేకపోతే? మంచి జె.సి.ఓ. మందలించేది గదిలో, మెచ్చుకునేది రోల్ కాల్‌లో.

చివరిగా, పిల్లలకు శనివారం ఒక గంట తెలుగు అక్షరాలు నేర్పుదాం. నేర్పేవాళ్లలో నా పేరు మొదట రాసుకోండి. వాళ్లు మన భాష నేర్చుకునేలోపు మనమూ వాళ్లకు అర్థమయ్యే భాషలో కొంత చెబుదాం. తమిళుడైన బిషప్పు తెలుగు నేర్చుకున్నాడు గదా!

మన ఊరి ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడుగైనదని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లం. 2013లో ఆ పేరు గోరఖ్‌పూర్‌కి పోయింది, 2023లో హుబ్బళ్లికి పోయింది. పేరు పోయినా ఇక్కడ ఒక్క బండీ ఆగలేదు. పదవులూ అంతే. మన తర్వాత బండి నడిపేవాడిని తయారు చేసి దిగితే చాలు.

 దేవుడు మిమ్మును దీవించును గాక. జై హింద్.